రాక్షసి బొగ్గు, రాక్షస గుళ్లు

విలియం కింగ్ పేరు సింగరేణిలో కొత్త కాదు. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చిన భూగర్భ శాస్త్రవేత్త ఆయనే. ఇక్కడి కింగ్ సీమ్ అనే బొగ్గు పొరకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అయితే ఆయన రాసినవాటిలో బొగ్గుతో సంబంధం లేని వ్యాసం ఒకటుంది. 1877లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మంగపేట దగ్గర అడవిలో శిలువ ఆకారపు నిలువు రాళ్లున్న ఒక పురాతన శ్మశానం గురించి ఆ వ్యాసం. గోదావరి లోయలో రాతి పొరలు చూసుకుంటూ తిరిగే మనిషికి మనుషులు నిలబెట్టిన రాళ్లు ఎదురయ్యాయి. వాటినీ అంతే శ్రద్ధగా నమోదు చేశారు. బొగ్గును వెతికిన కన్ను, సమాధులను గమనించిన కన్ను ఒక్కటే కావడం ఈ ప్రాంతానికి తగినట్టే ఉంది.

మణుగూరు ఓపెన్‌కాస్టులు దాటి పినపాక మండలంలోకి వెళ్తే జానంపేట దగ్గర అలాంటి సమాధులు వందల్లో ఉన్నాయి. స్థానికులు రాక్షస గుళ్లంటారు. ఇసుకరాతి పలకలను నిలబెట్టి గదిలా చేసి, పైన ఒక పెద్ద బండ కప్పి, చుట్టూ వలయంగా రాళ్లు పేర్చారు. కొన్నిటి లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీదా ఇవే. గలభ, తొట్టిగుట్టల దగ్గర శిలువల్లా కనిపించే రాళ్లను దగ్గరగా చూస్తే మనిషి ఆకారాలని తెలుస్తుంది. కొన్నిటిలో స్త్రీ రూపం స్పష్టంగానే ఉంది. 19వ శతాబ్దంలో వాటి బొమ్మలు చూసి క్రైస్తవం దాకా ఊహ పోనిచ్చిన పాశ్చాత్యులున్నారు. ఇంత బండ మనిషన్నవాడు ఎత్తలేడు కాబట్టి రాక్షసులే కట్టారన్న మన ఊహకూ దానికీ పెద్ద తేడా ఏమీ లేదు. రెండూ రాయిని చూసి చెప్పినవే, తవ్వి చెప్పినవి కావు.

ఇక్కడ శాసనం లేదు. రాజు పేరు లేదు. రామగుండం వైపు వెళ్తే పరిస్థితి వేరు. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాల్లో నాణేలు దొరికాయి. కోటిలింగాలలో దొరికిన నాణేల మీద శాతవాహన వంశానికి మొదటివాడైన ఛిముకుడి పేరు కూడా ఉంది. నాణెం దొరికిన పొర ఆ నాణెం ముద్రించిన కాలానికి ముందుది కాలేదు. కాబట్టి అక్కడ లెక్క మొదలుపెట్టడానికి ఒక ఆధారం ఉంది. రాక్షస గుళ్ల దగ్గర అదీ లేదు. ఉన్నవల్లా రాయి, మట్టి, కుండ పెంకులు, అదృష్టం బాగుంటే కాస్త ఇనుము, ఎముక, కర్రబొగ్గు. వీటితో మాట్లాడించాలి. ఆ పనికి వాడే పద్ధతుల్లో సగం బొగ్గు గనుల మధ్య బతికేవాళ్లకు తెలిసినవే. మిగతా సగంలో ఆ బొగ్గే అడ్డు తగులుతుంది.

తెలిసిన సగం పొరలు చదవడం. కింద ఉన్నది ముందు పడింది, పైన ఉన్నది తర్వాత పడింది. 1669లో నికొలస్ స్టెనో ఈ మాట పుస్తకంలో పెట్టారు గానీ, బోరు వేసి తీసిన కోరును పెట్టెలో వరసగా పేర్చే సర్వే మనిషికి ఇది అక్షరాభ్యాసం లాంటిది. ఇసుకరాయి, షేలు, బొగ్గు, మళ్లీ షేలు. ఎన్ని మీటర్ల లోతున ఏది మారిందో రాసుకుంటూ పోతాడు. పురావస్తు తవ్వకంలోనూ గోతి గోడను నున్నగా చెక్కి, రంగు, గట్టిదనం, ఇసుక పాలు చూసి పొరలకు అంకెలు వేస్తారు. తేడా ఒక్కటే: పొరలను చెదరగొట్టేది ఇక్కడ ఫాల్ట్ కాదు, మనిషి. ఒక తరం నేల మీద నిలబడి నాలుగడుగుల గొయ్యి తవ్వి శవాన్ని పెడుతుంది. లోతు చూసి లెక్కేస్తే ఆ శవం పక్కనున్న పాత ఊరి కుండలతో సమకాలికమైపోతుంది. నిజానికి ఆ గొయ్యి ఏ పొర నుంచి తవ్వడం మొదలైందో, శవానిది ఆ పొర కాలం. గొయ్యి అంచు గుర్తుపట్టలేనివాడు వెయ్యేళ్ల తప్పు చాలా తేలిగ్గా చేస్తాడు.

మన దేశంలో ఈ క్రమశిక్షణను గట్టిగా నేర్పినవారు మార్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 వరకు భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్. నేలను చతురస్రాలుగా విభజించి, మధ్య గట్లు తవ్వకుండా వదిలేసి, ఆ గట్ల గోడల్లో పొరలు చదివేవారు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వి, కొత్త రాతియుగపు ఊరు ముందు, రాక్షస గుళ్ల లాంటి పెద్దరాతి సమాధులు కట్టినవారు తర్వాత అని వరస తేల్చారు. వరస సరిగానే ఉంది. ఏళ్లు మాత్రం తప్పాయి. పై పొరల్లో దొరికిన కుండల్ని, తాను 1945లో అరికమేడులో రోమన్ సరుకుతో పాటు చూసిన కుండలతో ముడిపెట్టి, ఇక్కడి పెద్దరాతి సమాధుల సంస్కృతి క్రీ.పూ. 200 ప్రాంతంలో మొదలైందన్నారు. సుమారు ఇరవై ఏళ్లకు, కర్ణాటకలోనే హళ్లూరులో ఇనుము దొరికిన పొరల బొగ్గు నమూనాలకు క్రీ.పూ. 1000 ప్రాంతపు లెక్క వచ్చింది. పొరలు ఎవరు ముందో ఎవరు వెనకో చెబుతాయి. ఎంత ముందో చెప్పడానికి వాటి దగ్గర గడియారం లేదు.

ఆ గడియారం కర్బనంలో ఉంది. ఆకాశంలో బాగా ఎత్తున కాస్మిక్ కిరణాల దెబ్బకు నైట్రోజన్ నుంచి కార్బన్-14 పుడుతూ ఉంటుంది. గాలిలోని కర్బనంలో దాని వాటా దాదాపు లక్ష కోట్లకు ఒకటి. చెట్టు దాన్ని పీలుస్తుంది, చెట్టును మేక తింటుంది, మేకను మనం తింటాం. బతికున్నంత కాలం అందరిలోనూ ఆ పాలు దాదాపు ఒకటే. చచ్చాక లోపలికి రావడం ఆగిపోతుంది, ఉన్నది మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. జీతం ఆగిపోయిన ఇంట్లో దాచుకున్న డబ్బు కరిగినట్టు. 5,730 ఏళ్లకు సగం, మరో 5,730 ఏళ్లకు అందులో సగం. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. విల్లర్డ్ లిబ్బీ బృందం 1949లో దీన్ని ఆచరణలో చూపింది. 1960లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన దగ్గర 1960లలోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి ప్రయోగశాల పనిచేసింది; హళ్లూరు లెక్కలు అక్కడివే. అప్పట్లో నమూనా గ్రాముల్లో కావలసి వచ్చేది. ఇప్పుడు యాక్సిలరేటర్ యంత్రాలు పరమాణువులనే నేరుగా లెక్కిస్తాయి కాబట్టి ఒక్క గింజ చాలు.

50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి మిగిలేది దాదాపు శూన్యం. మన బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే. గ్లోసాప్టెరిస్ అడవులు నేలలో పడి మగ్గిన కాలం అది. ఆ చెట్లు పీల్చిన కార్బన్-14 ఎప్పుడో అడుగంటింది. కాబట్టి నేలబొగ్గు పూర్తిగా మృత కర్బనం. అందుకే రేడియోకార్బన్ ప్రయోగశాలలు ఇలాంటి బొగ్గును సున్నా నమూనాగా వాడుకుంటాయి. యంత్రంలో బొగ్గు పెట్టినప్పుడు కూడా ఏవో నాలుగు కార్బన్-14 పరమాణువులు కనబడితే, అవి బొగ్గువి కావు. పాత్రల నుంచో, గాలి నుంచో, పని చేసేవారి చేతుల నుంచో చేరిన చెత్త. ఆ చెత్తను మిగతా నమూనాల లెక్కలోంచి తీసేస్తారు. ఏ వయసూ చెప్పలేని పదార్థమే అందరి వయసులూ సరిచూస్తుందన్నమాట.

అదే బొగ్గు నమూనాలో కలిస్తే మాత్రం గొడవే. వంట పొయ్యిలో మిగిలిన కర్రబొగ్గుకు నూటికి ఒక పాలు నేలబొగ్గు అంటుకుంటే కాలం 80 ఏళ్లు వెనక్కి జరుగుతుంది. పది పాళ్లు కలిస్తే దాదాపు 850 ఏళ్లు. సాధారణ మట్టిలోని కల్మషాలను ఆమ్లంతో, క్షారంతో, మళ్లీ ఆమ్లంతో కడిగి వదిలిస్తారు. నేలబొగ్గు రేణువు వాటిలో కరిగిపోదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్కటీ ఏరాలి. కర్రబొగ్గులో చెట్టు కణాల గూళ్లు విరిగిన చోట కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఏ జాతి కర్రో కూడా చెప్పొచ్చు. గోదావరి లోయలో పొరలు బయటపడిన చోట్ల, లారీలు తిరిగే రోడ్ల పక్కన తవ్వేవాళ్లకు ఈ ఏరుడు పని తప్పదు.

కర్రబొగ్గు అయినంత మాత్రాన నిశ్చింత అని కాదు. టేకు చెట్టు నడిమి చేవ బతికున్న చెట్టులోనే ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. రెండొందల ఏళ్ల టేకు దూలాన్ని తగలబెడితే ఆ బొగ్గు చెప్పేది మంట కాలం కాదు, ఆ చేవ పెరిగిన కాలం. కిన్నెరసాని అడవులున్న చోట ఈ అనుమానం ఎప్పుడూ మనసులో ఉండాలి. అందుకని ఇవాళ తవ్వేవాళ్లు ఒక్క ఏడాదిలో పండి ఎండిపోయే గింజ కోసం చూస్తారు. మాడిన గింజ మట్టిలో కంటికి ఆనదు. మట్టిని నీటి తొట్టిలో వేసి కలిపితే మన్ను అడుగుకు పోతుంది, మాడిన గింజలు పైకి తేలతాయి. సన్న జల్లెడతో పట్టుకుంటారు. బొగ్గునూ రాయినీ విడదీసే వాషరీల్లో జరిగేదీ ఇలాంటిదే. తేలికది తేలుతుంది, బరువైనది మునుగుతుంది. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య ఈ పద్ధతితో కర్ణాటక, ఆంధ్ర కొత్త రాతియుగపు ఊళ్ల మట్టిని కడిగి, ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఇక్కడివాళ్ల తొలి పంటలని చూపించారు. ఒక ఉలవ గింజ తిండి ఏమిటో చెబుతుంది, ఆ తిండి ఏ కాలానిదో కూడా చెబుతుంది. తవ్వకంలో దొరికే బంగారం కంటే దీని విలువ ఎక్కువని నా లెక్క. పేపర్లలో ఫొటో మాత్రం బంగారానికే పడుతుంది.

ఇక్కడ కార్బన్ గడియారానికి ఇంకో ఇబ్బంది ఉంది. గాలిలో కార్బన్-14 పాలు అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. చెట్ల వలయాలను ఏటికేడు లెక్కించి, ఏ ఏడు ఎంత ఉండేదో ఒక వక్రరేఖ తయారుచేశారు. యంత్రం చెప్పిన అంకెను దాని మీద పెట్టి సరిచేస్తారు. ఆ రేఖ క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా ఉంటుంది. అంటే ఆ నాలుగొందల ఏళ్లలో ఎప్పుడు చచ్చిన చెట్టయినా ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుంది. మన పెద్దరాతి సమాధుల్లో బోలెడు ఆ కాలం చుట్టూరానే పడతాయి. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ చదునులో అది చేసేదేమీ లేదు. వరస తేల్చడానికి మళ్లీ పొరల దగ్గరికే, కుండల దగ్గరికే రావాలి.

ఏది ఎప్పటిదో తేల్చే ముందు అసలు అదేమిటో తేల్చాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఉట్నూరు బూడిద దిబ్బ కథ అలాంటిది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణా తీరానికి దగ్గరలో ఉన్నది. దక్కనులో ఇలాంటి బూడిద దిబ్బలు చాలా ఉన్నాయి. గట్టిపడి, చిట్టెంలా కరిగి ముద్దలైన బూడిద. 19వ శతాబ్దం నుంచీ తలా ఒక మాట: అగ్నిపర్వతపు బూడిదని ఒకరు, లోహం కరిగించిన చోటని ఒకరు, సామూహిక దహనాలని ఒకరు. ఊళ్లవాళ్లు పురాణాల్లోని రాక్షసుల బూడిదన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం కాలిన పేడ అని చెప్పారు. ఎఫ్.ఇ. జాయ్నర్ బూడిదను ప్రయోగశాలలో పరీక్షించి, పేడను బాగా ఎక్కువ వేడిలో కాల్చితే ఇలాగే కరిగి ముద్ద కడుతుందని తేల్చారు. 1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు తవ్వినప్పుడు బూడిద పొరల మధ్య గుంజలు పాతిన గుంతలు, కంచె వరసలు కనబడ్డాయి. అన్నిటికన్నా పైన చెప్పుకోవలసింది పశువుల గిట్టల ముద్రలు. దొడ్డి కట్టారు, పశువులను తోలారు, పేడ పోగుపడింది, కాల్చారు, మళ్లీ కట్టారు. అక్కడి కర్రబొగ్గు క్రీ.పూ. 3వ సహస్రాబ్దిదని రేడియోకార్బన్ చెప్పింది. రసాయనం ఒక్కటే అయితే పేడ అని చెప్పి ఊరుకునేది. గిట్ట ముద్ర ఒక్కటే అయితే ఎవరో పశువులు తోలుకెళ్లారని అనుకునేవాళ్లం. రెండూ ఒకే గోతి గోడలో ఒకదాని పక్కన ఒకటి కనబడటం వల్ల అది పశువుల దొడ్డి అయింది. పేడను ఎందుకు కాల్చారన్నది ఇప్పటికీ వాదనే. పండగ ఆచారమని ఆల్చిన్ అభిప్రాయం.

ఇనుము సంగతికొస్తే మళ్లీ బొగ్గు అడ్డం తిరగని అదృష్టం మనకుంది. ఉత్తర తెలంగాణ నిండా ఇనుప చిట్టెం గుట్టలే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉక్కు తయారీని 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్సీ చూసి రాశారు. ఈయనా భూగర్భ శాస్త్రవేత్తే. 2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ ప్రాంతాల్లో ఊరూరా తిరిగి ఇలాంటి చోట్లు నమోదు చేశాయి. చిట్టెం ముద్దను పగలగొడితే లోపల ఒక్కోసారి కర్రబొగ్గు తునక చిక్కుకుని ఉంటుంది. మంట చల్లారినప్పటి నుంచి బయటి గాలి తగలనిది. అంతకంటే మంచి నమూనా ఉండదు. ఉక్కులోని కర్బనంతోనే కాలం చెప్పొచ్చని 1969లో వాన్ డెర్ మెర్వే చూపించారు కూడా. షరతు ఒక్కటి: కొలిమిలో వేసింది కర్రబొగ్గయి ఉండాలి. నేలబొగ్గు వాడితే ఉక్కులోకి చేరేది మృత కర్బనం, లెక్క పనికిరాదు. నేలబొగ్గుతో ఇనుము కరిగించిన చైనాలో ఈ చిక్కు వచ్చింది. ఇక్కడి పాత కొలిమివాళ్లు అడవి కర్రనే కాల్చారు కాబట్టి వాళ్ల చిట్టెం ఇంకా కాలం చెబుతుంది.

కర్బనమే దొరకనప్పుడు ఇసుకను అడుగుతారు. రాక్షస గుళ్లున్న చోట ఇదే ఎక్కువ పనికొచ్చే దారి, ఎందుకంటే చాలా సమాధులను గుప్తనిధుల కోసం ఎప్పుడో తోడేశారు; బొగ్గూ ఎముకా ఏ పొరవో చెప్పలేని స్థితి. పలుగురాతి రేణువు మట్టిలో కప్పబడి ఉన్నంత కాలం చుట్టుపక్కల ఉండే యురేనియం, థోరియం, పొటాషియం విడిచే రేడియేషన్ దాని స్ఫటికంలో కొంత శక్తిని నింపుతూ పోతుంది. ఎండ తగిలితే అదంతా ఖాళీ అవుతుంది. బండ కింద పడ్డాక మళ్లీ సున్నా నుంచి నిండుతుంది. ప్రయోగశాలలో ఆ రేణువు మీద తగిన కాంతి వేస్తే నిండిన శక్తి చిన్న మెరుపుగా బయటికొస్తుంది. మెరుపును బట్టి ఎంత నిండిందో, నేలను కొలిచి ఏటా ఎంత నిండుతుందో కట్టి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చీకట్లో గడిపిన ఏళ్లు వస్తాయి. అందుకే నమూనా తీసేవాళ్లు గోతి గోడలోకి లోహపు గొట్టాన్ని సుత్తితో దిగేసి, రెండు మూతులూ మూసి, నల్ల సంచిలో చుట్టి పట్టుకెళ్తారు. మసక ఎర్ర దీపం కింద విప్పుతారు. మామూలు దీపం ఒక్కసారి పడితే ఆ నమూనా పోయినట్టే.

భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుకను నీటితో పంపి నింపడం తెలిసిందే కదా. ఏటి ఒడ్డున ఎండలో పడి ఉన్న ఇసుక, గొట్టంలో పడి చీకట్లోకి పోయింది. ఆ స్టోయింగ్ ఇసుకలో ప్రతి రేణువూ అప్పటి నుంచి ఏళ్లు లెక్కపెట్టుకుంటోంది. గని రికార్డులు పోయినా ఫలానా పానెల్ ఎప్పుడు నింపారో కొన్ని వందల ఏళ్ల తర్వాత ఇసుకే చెప్పగలదు, పొరపాటు ఓ పది ఇరవై ఏళ్లుండొచ్చు.

ఈ పద్ధతి కర్బనం అందుకోలేని కాలాలకు కూడా పోతుంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట విసిరిన బూడిద మందంగా ఉంది. దాని పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం బూడిదకు అటూ ఇటూ ఉన్న మట్టి కాలం ఇలాగే కొలిచి 2007లో ప్రచురించింది. అంత పెద్ద విస్ఫోటం తర్వాతా ఇక్కడి మనుషులు అదే రకం పనిముట్లు చేస్తూ బతికారన్నది వాళ్ల వాదం.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో కె.పి. రావు తవ్విన చోట దొరికిన ఇనుప వస్తువులకు ఈ పద్ధతితోనే క్రీ.పూ. 2200 ప్రాంతపు కాలం చెప్పారు. తమిళనాడు మయిలాడుంపారై నుంచి క్రీ.పూ. 2172 అన్న అంకె వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం విడుదల చేసిన నివేదిక శివగళైకి క్రీ.పూ. 3345 దాకా వెళ్లింది. ఈ వార్తలు చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: కొలిచింది దేన్ని? ఇనుమునా, పక్కనున్న కుండనా, కుండలోని గింజనా, కింది మట్టినా? మట్టికి వచ్చిన కాలం ఇనుముకూ వర్తించాలంటే రెండూ ఒకేసారి అక్కడ పడ్డాయని గోతి గోడ చూపించాలి. ఆ రుజువు ఎంత గట్టిదైతే అంకె అంత గట్టిది. దక్షిణాది ఇనుము మనం అనుకున్నదానికంటే బాగా పాతదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ అంకె మీద ఉన్నంత ఉత్సాహం పొర మీద కూడా ఉండాలి.

డీఎన్‌ఏ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకపోవడం మంచిది. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 40 టన్నులకు పైబడిన కప్పుబండను క్రేన్‌తో లేపి సమాధి తవ్వినప్పుడు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నమూనాలు తీసుకున్నారు. మన వేడికీ వానలకూ ఎముకలో డీఎన్‌ఏ నిలవడం అరుదు. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్క స్త్రీదే. 2019లో ప్రచురించిన ఫలితం ఆ ఒక్కరిదే.

తవ్వకుండా చూసే పద్ధతులు గనుల నుంచే అటు వెళ్లాయి. నేలలోకి విద్యుత్తు పంపి ఎక్కడ అడ్డుకుంటుందో చూసే పరికరం ఖనిజాల కోసం, నీళ్ల కోసం పుట్టింది. 1946లో రిచర్డ్ అట్కిన్సన్ ఇంగ్లండ్‌లో దానితో పూడిపోయిన కందకాలను వెతికారు. లేజర్ కిరణాలతో పైనుంచి నేలను కొలిచే లైడార్‌తో 2018లో గ్వాటెమాలా అడవుల్లో 2,100 చదరపు కిలోమీటర్లలో 60 వేల మాయా కట్టడాలను గుర్తించారు. ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి తిరిగొస్తాయి, అవి చాలు. గుండాల, తాడ్వాయి అడవుల్లో రాతి వలయాలను లెక్కపెట్టడానికి ఇంతకంటే తగిన సాధనం లేదు.

కార్బన్ గడియారాన్ని బొగ్గు ఇంకో రకంగానూ పాడుచేస్తోంది, ఈసారి తవ్వకపు గోతిలో కాదు, గాలిలో. పాల్వంచ కేటీపీఎస్ థర్మల్ కేంద్రం పొగగొట్టం నుంచి వెళ్లే కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-14 లేదు. ప్రపంచమంతా రెండు శతాబ్దాలుగా ఇలా కాలుస్తూ ఉండటం వల్ల గాలిలో దాని పాలు పలచబడిందని 1955లో హాన్స్ స్యూస్ చూపించారు. తర్వాత అణు పరీక్షలు దాన్ని అమాంతం రెట్టింపు దాకా పెంచాయి; 1963 తర్వాత మళ్లీ తగ్గుముఖం. ఇదే తీరుగా కాల్చుకుంటూ పోతే 2050లో నేసిన కొత్త చొక్కా వెయ్యేళ్ల నాటి బట్టతో సమానమైన అంకె చూపిస్తుందని 2015లో హెథర్ గ్రేవెన్ లెక్కగట్టారు. రేడియోకార్బన్ శాస్త్రంలో "ఇప్పుడు" అంటే 1950 అని ఎప్పుడో స్థిరపరిచేశారు. ఆ లెక్కలో 3,000 ఏళ్ల కిందటిది అని ఉంటే 1950 నుంచి వెనక్కి లెక్కించాలి.

బుల్డోజర్ బ్లేడుకో, చెరువు పూడికలోనో, పొలం దున్నుతుంటేనో ఏదైనా బయటపడితే చేయాల్సింది కొంచెమే. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. చెప్పే లోపు, ఉన్న చోట ఉన్నట్టుగా, పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీయాలి. ఫోన్‌లో లొకేషన్ పెట్టుకోవాలి. గోతి గోడ కూడా ఫొటోలో పడాలి. కుండను కడగకూడదు. అడుగున అంటుకున్న మాడులోనే ఏం వండారో తెలిపే కొవ్వు ఆనవాళ్లుంటాయి. తెలిసినవాళ్లు వచ్చేదాకా కర్రబొగ్గును ముట్టుకోకపోవడమే ఉత్తమం. వానకు కొట్టుకుపోతుందనుకుంటే శుభ్రమైన కత్తి మొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టాలి. కాగితంలో, దూదిలో, గుడ్డలో కాదు. అవన్నీ నిన్న మొన్నటి చెట్ల కర్బనం.